చెప్పినవారు: ఒక పల్లెటూరి స్త్రీ

జూలై 14

జనానికి పనిలేదు. ఇవాళ రుజువైంది.

మా అన్న కోడలు కేతకి మేడ మీద ఉంటుంది. వంట చేసేదానికన్నా వంటను వీడియో తీసేదే ఎక్కువ. బేందూర్ పండగ నాడు మట్టి ఎడ్లకు పూజ అయ్యాక అందరం కింద భోజనానికి కూర్చుంటే, పోళీలు, అంటే బొబ్బట్లు, తీస్తున్నానని చెప్పి పదకొండు సెకన్లు ఇంకేదో తీసిందట. అందులో మా ఆవిడ శాలన్ గరిటె పట్టుకుని నిలబడి "మీఠ్ బఘా, న్హాయ్ తర్ గప్ గిళా" అంటుంది. ఉప్పు చూడండి, లేదంటే నోరు మూసుకుని మింగండి. అంతకు మించి అందులో ఏమీ లేదు. నాలుగు రోజుల్లో తొమ్మిది లక్షల మంది చూశారట.

అందులో నేను లేను. నా కుడి చెయ్యీ, పేపరూ ఉన్నాయి. అంతే.

"కాకా, మీరు కూడా ఫేమస్సే. మిమ్మల్ని పేపర్ కాకా అంటున్నారు" అంది కేతకి, అదేదో బిరుదైనట్టు.

శాలన్ వీడియో చూసి, "కొంగు సరిగ్గా లేదే, ముందే చెప్పి ఉంటే సర్దుకునేదాన్ని కదా" అంది. ఆమె బాధ అది.

జూలై 16

తొమ్మిది లక్షల మందిలో ఒక్కడికీ ఆ మాట వెనకున్న సంగతి తెలియదు. శాలన్ పుట్టింట్లో వంట చేసేవాళ్ళు రుచి చూడకూడదు. దేవుడికి పెట్టకముందు నాలుకకు తగిలితే ఎంగిలి. అందుకని దేవుడి గిన్నె అయ్యాక మొదటి కంచం నాది, ఉప్పు చూసి చెప్పాల్సింది నేను. ఆ తర్వాతే మిగతావాళ్ళకు వడ్డన. పెళ్ళైన ముప్పై ఆరేళ్ళుగా రోజూ అడుగుతోంది. చాలకపోతే నేనే ఉప్పు డబ్బా లాక్కుంటాను, సరిపోతే తింటాను. అందులో చెప్పడానికేముంది.

ఈ మూర్ఖులు చేసిందేమిటంటే, మొదటి రోజు నవ్వారు. రెండో రోజు ఆమె గొంతు తీసి ఇంకోదానికి అతికించారు. రోడ్డు మీద గుంటలో పడ్డ స్కూటర్ వాడికి ఆమె గొంతు. పదో తరగతిలో తప్పినవాడికి ఆమె గొంతు. మూడో రోజు ఆ మాట రాసిన చొక్కాలు వచ్చాయి. పుణేలో ఎవడో కొల్హాపూర్ యాసలో అంటున్నాననుకుని అన్నాడు. పుణేవాడి నోట్లో మన మాట పడితే ఉడకని పప్పులా ఉంటుంది.

జూలై 17

పన్నెండు లక్షలు. నేను చూడలేదు, కేతకి చెప్పింది.

జూలై 18

పద్నాలుగు. మధ్యాహ్నం రెండు గంటలకు.

జూలై 19

పొద్దున రంకాళా చెరువు చుట్టూ నడుస్తుంటే నింబాళ్కర్ ఎదురయ్యాడు. నేను పనిచేసిన బడిలోనే లెక్కలు చెప్పినవాడు. ముప్పై ఏళ్ళు పక్క గదిలో ఉండి ఒక్క మంచి పుస్తకం చదవలేదు.

"ఏం దినకరా, ఇవాళ ఉప్పు చూశావా, మింగావా?"

పక్కనున్న నలుగురూ నవ్వారు. నేను ఆగి, ఆ మాట నా పదకోశంలో నూట పన్నెండో పేజీలో ఉందని, అచ్చయి పదకొండేళ్ళైందని చెప్పాను.

"ఉంటుందిలే. నువ్వు రాస్తే పదకొండేళ్ళు ఎవరూ చూడలేదు. వదిన అంటే వారంలో ఊరంతా అంటోంది" అన్నాడు.

లెక్కల వాళ్ళకు భాష గురించి చెప్పడం నాదే బుద్ధి తక్కువ.

నా 'కరవీర ప్రాంత వంటింటి పదకోశం' (కరవీరమంటే కొల్హాపూరే) మీద నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. పన్హాళా వైపు పల్లెలు తిరిగాను. వెయ్యిన్నూట నలభై పదాలు. మూడు వందల ప్రతులు వేయించాను. నలభై పంచాను. తక్కినవి మంచం కింద ఉన్నాయి. ఏ వీడియో తీసేవాడూ మంచం కిందకు వంగి చూడడు.

జూలై 21

సాయంకాలం పత్రిక నుంచి మృణ్మయి అనే అమ్మాయి వచ్చింది. ఈ మాట మీద పండితుడి అభిప్రాయం కావాలట. ఊళ్ళో పండితుడు ఒకడున్నాడని చివరికి ఎవరికో గుర్తొచ్చింది.

"సార్, ఆ వీడియోలో ఉన్నావిడ మీ ఇంటావిడేనట కదా?"

"వీడియోలో ఎవరున్నారన్నదానికీ భాషాశాస్త్రానికీ సంబంధం లేదు."

గంటన్నర చెప్పాను. ఆమె నాలుగు వాక్యాలు రాసుకుంది. శాలన్ టీ తెచ్చి పెట్టి వెళ్ళింది. ఆ పిల్ల నన్ను వదిలేసి "కాకూ, మీతో ఒక ఫోటో" అంటూ వంటింట్లోకి పరిగెత్తింది. లోపల ఇద్దరూ నవ్వుకోవడం వినిపించింది. దీన్ని పత్రికారంగం అంటారు.

జూలై 22

వేశారు. ఫోటో బాగానే వచ్చింది. శీర్షిక: "గప్ గిళా మన సంస్కారం కాదు, అంటున్నారు సాలోఖే సార్."

లోపల: "ఇది చదువులేని పల్లెటూరి ఆడవాళ్ళ మోటు మాట. నాలుగు అక్షరాలు వచ్చినవాళ్ళ ఇళ్ళలో వినిపించదు. దీన్ని చూసి కొల్హాపూర్ భాష అనుకోవడం కొల్హాపూర్‌కు అవమానం."

నేను అన్నది ఇంకా చాలా ఉంది. వాళ్ళకు కావలసిందే వేసుకున్నారు. అయినా ఆ మాటలు నేను అన్నవే. శాస్త్రం మాట్లాడేటప్పుడు ఇంట్లోవాళ్ళు, బయటివాళ్ళు అని ఉండదు.

శాలన్ ఆ పేపర్ వంటింట్లో పరుచుకుని దాని మీద మెంతికూర వలుచుకుంది. ఏడో తరగతి దాకా చదివింది. చదివే ఉంటుంది. కాడలు సరిగ్గా నా ఫోటో మీద పోగుపడ్డాయి. నేను చూస్తున్నానని తెలిసి కూడా తల ఎత్తలేదు.

జూలై 23

భోజనానికి కూర్చున్నాను. వడ్డించింది. ఉప్పు సంగతి అడగలేదు. మరిచిపోయినట్టుంది.

జూలై 24

మరిచిపోయింది.

జూలై 25

వయసు మీద పడుతోంది ఆమెకు.

జూలై 28

శ్రావణ సోమవారం. అడగలేదు. మామూలుగా మాట్లాడుతుంది. గ్యాస్ అయిపోయింది అంటుంది, మీ బనియన్లు ఉతికాను అంటుంది. కంచం దగ్గర మాత్రం నోరు విప్పదు. బస్టాండ్ క్యాంటీన్‌లో వడ్డించినట్టు నాలుగూ వడ్డించి పక్కకు వెళ్ళిపోతుంది.

నాకు ప్రశాంతంగానే ఉంది. పేపర్ మొత్తం పూర్తవుతోంది.

ఆగస్టు 2

ఆ వీడియో కింద జనం రాసే చెత్తను ఎవరో ఒకరు దిద్దాలి. 'భాషాప్రేమి' అన్న పేరుతో ఇవాళ్టికి అరవై ఒక్క మందిని దిద్దాను. ఒక్కడూ ధన్యవాదాలు చెప్పలేదు. ఒకడు నన్ను "గప్ గిళా" అన్నాడు.

సాయంత్రం కేతకి శాలన్‌కు అన్నీ చదివి వినిపిస్తోంది. "ఎవడో భాషాప్రేమి అట కాకూ, పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే పని. పాపం, ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేనట్టుంది."

శాలన్ ఒకసారి నా వైపు చూసింది. "ఉండరు" అంది.

ఆగస్టు 5

మిర్జాపే గల్లీ చివర మిసళ్ పావ్ అంగడివాడు బోర్డు పెట్టాడు. 'ఉప్పు చూడండి, లేదంటే నోరు మూసుకుని మింగండి, పావ్ ఎన్నైనా అడగండి.' పక్కన శాలన్ బొమ్మ. గరిటె ఆమెకన్నా పెద్దగా వేశాడు. వెళ్ళి నిలదీశాను.

"కోపం దేనికి సార్, కూర్చోండి, ప్లేటు తినండి. కాకూని ఒకసారి తీసుకురండి, ఆమె చేత రిబ్బన్ కోయిద్దాం."

"నేను ఆ మాట మీద పుస్తకం రాశాను."

"అలాగా సార్. మీరూ రండి మరి, చేతిలో పేపర్ పట్టుకుని."

వాడు వెక్కిరించలేదు. నిజంగానే పిలిచాడు. అది ఇంకా ఘోరం.

మిసళ్‌లో ఉప్పు ఎక్కువ. చెప్పలేదు.

ఆగస్టు 11

కూరగాయల బజార్లో ఆడవాళ్ళు శాలన్ చుట్టూ చేరి "కాకూ, ఆ మాట ఒకసారి" అని అడిగారట. "ఆ మాట మంచిది కాదట అమ్మా, పేపర్లో వేశారు" అని చెప్పి వచ్చేసిందట. కేతకి నాతో చెప్పింది. చెప్పి, జవాబు కోసం నిలబడింది. ఈ కాలం కోడళ్ళకు నిలబడటం బాగా వచ్చు.

ఆగస్టు 20

ఇరవై ఆరు లక్షలు. గణపతి మండపం వాళ్ళు డప్పు దరువు మీద ఆ మాట వేసి సాధన చేస్తున్నారు. సందులో వినిపిస్తోంది, బస్సులో వినిపిస్తోంది, పాలవాడి ఫోన్ మోగితే వినిపిస్తోంది. మా ఇంట్లో, నా కంచం ముందు మాత్రం వినిపించదు.

రాసి ఉంచాలని రాశాను. బాధేమీ లేదు.

ఆగస్టు 24

ఇవాళ బెండకాయ కూర తింటూ పైకి దగ్గాను. ఊరికే. ఇటు తిరిగి కూడా చూడలేదు.

సెప్టెంబర్ 1

గౌరీ పూజ. ఎప్పటికైనా రాయాలి కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ఇరవై మంది చుట్టాలు. నైవేద్యానికి పదహారు కూరలు, పోళీలు, పప్పుకట్టు ఆమ్టీ. దేవుడి ముందు పెట్టాక మొదటి కంచం నాకు వచ్చింది. శాలన్ ఆమ్టీ పోసి ఒక్క క్షణం ఆగింది. ఆగింది, అది నేను చూశాను. ఏమీ అనకుండా వెళ్ళింది.

ఆమ్టీలో ఉప్పు లేదు. తక్కువ కాదు, అసలు వేయనేలేదు. పదహారు కూరల హడావుడిలో మరిచిపోయింది. ఆమె అడిగితే చెబుదామనుకున్నాను. అడగలేదు. అడగనప్పుడు నేనెందుకు చెప్పాలి అనుకున్నాను. గిన్నె ఖాళీ చేశాను. ఆ వెనక ఇరవై మందికీ అదే వెళ్ళింది.

మొదట కేతకి అంది, "కాకూ, ఆమ్టీలో ఉప్పు పడలేదు."

శాలన్ మొహం ఎర్రబడింది. గౌరమ్మ పుట్టింటికొచ్చిన రోజు, తన పుట్టింటి వాళ్ళంతా వరసగా కూర్చున్న రోజు. ఆమె పెద్దక్క "అయ్యో శాలన్" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. అది చాలు.

"మొదటి కంచం వాళ్ళు చెప్పలేదు మరి" అంది శాలన్, ఎవరి వైపూ చూడకుండా. వెళ్ళి ఉప్పు నీళ్ళు కలిపి తెచ్చి అందరి గిన్నెల్లో పోసుకుంటూ వచ్చింది. నా గిన్నె ఖాళీగా ఉంది కాబట్టి నన్ను దాటి వెళ్ళింది.

ఆడవాళ్ళు వాతావరణం తేలిక చేద్దామనుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. "శాలన్ కాకూ, ఇప్పుడైనా ఆ మాట అనండి, సరిగ్గా కుదిరింది."

"ఆ మాట సార్ పుస్తకంలో ఉందట. నేను చదువులేని దాన్ని, నాకేం తెలుస్తుంది."

సార్ అంది. ముప్పై ఆరేళ్ళలో నన్ను అహో, అంటే ఏవండీ, అని తప్ప ఇంకో మాటతో పిలవలేదు.

కేతకి ఆగుతుందా. మంచం కింద నుంచి ఒక ప్రతి లాగి, దుమ్ము దులిపి, పేజీలు తిప్పింది. నూట పన్నెండు. పైకి చదివింది. పదం, అర్థం, వాడుక, చివర్లో "చెప్పినవారు: ఒక పల్లెటూరి స్త్రీ." ఇంకో పేజీ తిప్పింది. "చెప్పినవారు: ఒక పల్లెటూరి స్త్రీ." ఇంకోటి. అదే.

"ఎవరు కాకా ఈవిడ? సగం పుస్తకం ఈవిడే చెప్పినట్టుంది."

నేను ఖాళీ గిన్నెను అటూ ఇటూ జరిపాను. శాలనే చెప్పింది.

"ఇరవై రెండేళ్ళు అడిగారు పాపం. పేరు అడగడం మరిచిపోయినట్టున్నారు."

సెప్టెంబర్ 2

గౌరీ నిమజ్జనం. వాన.

సెప్టెంబర్ 3

శాలన్ కోడోలీ వెళ్ళింది, తమ్ముడింటికి. ఎర్ర బస్సు దాకా వెళ్ళి సంచి అందించాను. "ఎప్పుడొస్తావ్" అంటే "చూద్దాం" అంది.

కేతకి భోజనం పంపిస్తానంది. అక్కర్లేదన్నాను. వెయ్యిన్నూట నలభై వంటింటి పదాలు తెలిసినవాణ్ణి.

సెప్టెంబర్ 4

పిఠ్లం చేద్దామని శనగపిండి తీశాను. ఉప్పెంత వేయాలో తెలియలేదు. ఫోన్ చేశాను.

"పిఠ్లానికి ఉప్పెంత?"

"మీ పుస్తకంలో చూసుకోండి" అని పెట్టేసింది. వెనకాల ఆమె తమ్ముడి పిల్లలు ఏదో అన్నారు, అందరూ నవ్వారు.

పుస్తకం చూశాను. ఉంది. ఎనభై నాలుగో పేజీ. "చిముట్: మూడు వేళ్ళకు వచ్చినంత ఉప్పు. చెప్పినవారు: ఒక పల్లెటూరి స్త్రీ." ఎవరి మూడు వేళ్ళు? నావా, ఆమెవా? ఎంత మందికి? అప్పుడు నేను అడగలేదు. ఆమె రొట్టెలు కాలుస్తూ చెబుతూ ఉంటే, పీట మీద కూర్చుని రాసుకుని, కలం మూసి లేచిపోయేవాణ్ణి.

నా మూడు వేళ్ళతో వేశాను. దేవుడి ముందు పెట్టాను. తిన్నాను. విషంలా ఉంది. చెప్పడానికి ఎవరూ లేరు. నోరు మూసుకుని మింగాను.

సెప్టెంబర్ 5

పల్లెలు తిరిగాను అని పైన రాసుకున్నాను. జూలైలో. ఇరవై రెండేళ్ళలో పదకొండు సార్లు వెళ్ళాను. అందులో ఆరు సార్లు వాన పడి బస్టాండ్ నుంచే తిరిగొచ్చాను.

ముందుమాటలో ఇద్దరు హెడ్మాస్టర్లకూ ఒక లైబ్రేరియన్‌కూ ముద్రాపకుడికీ కృతజ్ఞతలు చెప్పాను. ఆ హెడ్మాస్టర్లలో ఒకాయనకు జారుగా ఉండే పిఠ్లానికీ పొడిగా ఉండే ఝుణ్కాకూ తేడా తెలియదు.

ఇవాళ లెక్కపెట్టాను. వెయ్యిన్నూట నలభైలో తొమ్మిది వందల పద్నాలుగు ఒక పల్లెటూరి స్త్రీ చెప్పినవి. మిగతావి ఎవరో పెద్దమనుషులు చెప్పినవి. అందులో సగం తప్పులు, అవి కూడా ఆమే దిద్దింది. గుర్తుంది.

ఇంత దరిద్రపు పుస్తకం ఇంతకుముందు ఎవరూ రాసి ఉండరు. వీడియో వాళ్ళు నయం. వాళ్ళు కనీసం మొహం చూపించారు.

సెప్టెంబర్ 6

మంచం కింద నుంచి రెండు వందల అరవై ప్రతులూ లాగాను. ముందుమాట పేజీ అడుగున నల్ల సిరాతో రాయడం మొదలుపెట్టాను. 'ఈ పుస్తకంలోని తొమ్మిది వందల పద్నాలుగు మాటలు శాలన్ సాలోఖే చెప్పినవి.' అరవై దగ్గర వేళ్ళు పట్టేశాయి. కేతకి వచ్చి చూసి ఫోన్ తీయబోయింది. వద్దన్నాను. మొదటిసారి చెప్పిన మాట విని జేబులో పెట్టుకుంది. టీ ఇచ్చి వెళ్ళింది. టీ బాగాలేదు, కానీ ఇచ్చింది.

'భాషాప్రేమి'ని తీసేశాను.

సెప్టెంబర్ 7

నూట ఎనభై. శాలన్ సాయంత్రం బస్సుకు వచ్చింది. పుస్తకాలు గదంతా పరిచి ఉన్నాయి, కాలు పెట్టే చోటు లేదు. ఒకటి తీసి చూసింది. నిలబడే చదివింది. మొహంలో ఏమీ తెలియలేదు. "కోడోలీ అని లేదు" అంది. "ఊరు పేరు లేకపోతే ఏ శాలన్ అనుకుంటారు?" పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది.

మళ్ళీ మొదటి ప్రతి నుంచి తీసి, అన్నింటిలో ఊరు చేరుస్తున్నాను.

సెప్టెంబర్ 8

మధ్యాహ్నం భోజనం. దేవుడి గిన్నె అయ్యింది. పేపర్ తెరవలేదు. మడిచి తొడ కింద పెట్టుకున్నాను. ఆమె అన్నం పెట్టింది, గరిటె తీసుకుంది. ఎప్పటిలాగే మాట్లాడదు అనుకున్నాను. ఆమె అడిగినా అడగకపోయినా నేనే చెప్పేయాలని, ఇంకోసారి ఆలస్యం చేయకూడదని నాకు ఒకటే కంగారు.

"ఉప్పు సరిగ్గా ఉంది" అన్నాను.

ఆమె గరిటె ఆపింది. నా కంచం వైపు చూసింది. ఒట్టి అన్నం ఉంది అందులో.

నలభై ఏడు రోజుల తర్వాత నా కంచం దగ్గర ఆమె అన్న మొదటి మాట. పోకుండా ఇక్కడ రాసుకుంటున్నాను.

"అహో, ఇంకా వడ్డించనే లేదు."

అర్థం: రాయక్కర్లేదు.

చెప్పినవారు: శాలన్ సాలోఖే, కోడోలీ.